మాల వేసుకున్న మూడో రోజు: కాళ్లూ చేతులూ కట్టిన ఒక కేసు

ఈ కేసులో ఎవరూ చనిపోలేదు. అందుకే దీని మీద విచారణ జరగలేదు, పేపర్లో రాలేదు, స్టేషన్ జనరల్ డైరీలో ఒక పేజీన్నర తప్ప ఎక్కడా కనపడదు. ఆ రాత్రి ట్రాలీ ఆటో ఇంకో రెండు నిమిషాలు ఆగకుండా వెళ్లి ఉంటే మాత్రం దీని గురించి చాలామంది చాలా రాసేవాళ్లు, నేను కూడా సంజాయిషీ రాస్తూ ఉండేవాణ్ని.

ఇప్పుడు నేను జిల్లా శిక్షణ కేంద్రంలో కానిస్టేబుళ్లకు సేఫ్టీ క్లాసులు చెబుతున్నాను. అప్పుడు ఎస్సైని. ఊరు, మండలం, సంవత్సరం చెప్పను. కొన్ని వివరాలు మార్చాను. ఆ మనిషిని 'స్వామి' అనే రాస్తాను. ఆ రాత్రి ఊరంతా ఆయన్ని అలాగే పిలిచింది, ఆ పిలుపుకి ఈ కేసులో పని కూడా ఉంది.

నేపథ్యం

మా స్టేషన్ గౌతమికీ వసిష్ఠకీ మధ్య. వరి, కొబ్బరి, రొయ్యల చెరువులు, ఊరూరా కాలువ. ఇక్కడ గొడవంటే ఎక్కువగా గట్టు మీదో రేవులోనో జరుగుతుంది. మనిషిని పట్టుకోవాలంటే ఒక పక్క నీళ్లు, ఇంకో పక్క బురద. ఆ రోజు కార్తీక సోమవారం. రేవుల్లో స్నానాల బందోబస్తుకి మా వాళ్లు తెల్లవారుజామున మూడింటికి లేచారు. రాత్రి పిలుపు వచ్చేసరికి నాతో మిగిలింది ఒక హెడ్ కానిస్టేబుల్, ఇద్దరు కానిస్టేబుళ్లు, ఒక హోంగార్డు. అందరికీ కళ్లు మూతలు పడుతున్నాయి. ఇది సాకుగా చెప్పడం లేదు. నిద్రలేని మనిషి ఓపిక ముందు పోతుంది, బలం తర్వాత పోతుంది. ఆ వరస ఆ రాత్రి మాకు అచ్చంగా కనిపించింది.

నా శిక్షణలో పరేడ్ ఉంది, లాఠీ డ్రిల్ ఉంది, ఫైరింగ్ ఉంది, చట్టం ఉంది. పారిపోయే దొంగని పట్టుకోవడం నేర్పారు. ఏ నేరమూ చేయని మనిషి, మన మాట బుర్రకెక్కని స్థితిలో, ముగ్గురి బలంతో ఎదురైతే ఏం చేయాలో మాత్రం నేర్పలేదు. స్టేషన్ స్టోర్‌లో రెండు జతల బేడీలు, ఖైదీని వెంట నడిపించే ఒక లీడింగ్ చైన్, లాఠీలు, నాలుగు పాత హెల్మెట్లు ఉండేవి. కాళ్లకు కట్టేదంటూ ఏమీ లేదు. బ్రిటన్‌లోనూ అమెరికాలోనూ పోలీసులు దీనికోసం వెడల్పాటి పట్టీలు వాడతారు. మోకాళ్ల పైన ఒకటి, చీలమండల దగ్గర ఒకటి వేస్తారు. మన దగ్గర ఆ పని తాడు చేస్తుంది. అది ఎవరి తాడు, ఎవరు కడతారు అన్నది ఆ నిమిషంలో పక్కన ఎవరున్నారన్నదాన్ని బట్టి ఉంటుంది.

స్వామికి నలభై దాటాయి. కొబ్బరి దింపు పని. రోజుకి ఇన్ని చెట్లని ఎక్కి దిగే ఒళ్లు, ఉక్కులా ఉంటుంది. పదిహేనేళ్లుగా సాయంత్రమయితే సీసా ఉండాల్సిందే, ఈ మధ్య పొద్దున్నే కూడా. ఆ ఏడు పిల్ల పెళ్లి కుదిరిందని, మానేస్తానని మొక్కుకుని అయ్యప్ప మాల వేసుకున్నాడు. శుక్రవారం రాత్రి ఆఖరి సీసా. శనివారం పొద్దున గురుస్వామి చేతుల మీదుగా మాల. మాకు పిలుపు వచ్చింది సోమవారం రాత్రి తొమ్మిదీ నలభైకి.

ఈ రోజుల లెక్క నాకు ఇప్పుడు కంఠతా వచ్చు. ఆ రాత్రి లెక్కే వేయలేదు.

రేవు దగ్గర

"స్వామి కత్తి పట్టుకుని జనం మీదికొస్తన్నాడండీ" అన్నది ఫోన్. మేం వెళ్లేసరికి కాలువ గట్టు మీద వందమంది. ఇద్దరు కుర్రాళ్లు నులక మంచాన్ని నిలువుగా పట్టుకుని డాలులా అడ్డం పెట్టుకున్నారు. రేవు మెట్ల పక్కన కొబ్బరిచెట్టుకి వీపు ఆనించి నల్లపంచెతో ఆయన నిలబడి ఉన్నాడు. చేతిలో దింపు కత్తి. మా హోంగార్డు చలికి మఫ్లర్ చుట్టుకుని ఉన్నాడు, ఈయన ఒంటి మీద మాత్రం చెమట ధారలు కడుతోంది. చేతులు వణుకుతున్నాయి. ఎడం చేత్తో మోచేతి మీదినుంచి ఏదో దులుపుకుంటున్నాడు, చీమలు పాకుతున్నట్టు. అక్కడ చీమలు లేవు.

ఆయన భార్య నా దగ్గరికి పరుగెత్తుకొచ్చింది. "తాగలేదు బాబూ. మాలేసుకుని మూడ్రోజులైంది, చుక్క ముట్టలేదు. నిన్న తెల్లారగట్ల ఓసారి కొట్టుకుని పడిపోయాడు. ఇయ్యాల నన్ను పట్టుకుని అమ్మా అంటన్నాడు. గాలి సోకిందంటున్నారు, కొట్టకండి బాబూ."

ఈ కేసు మొత్తం ఆ నాలుగైదు మాటల్లోనే ఉంది. ఆవిడ రోగ నిర్ధారణ చేసి నా చేతిలో పెట్టింది. మూడు రోజులు మందు లేదు, ఫిట్స్ వచ్చింది, మనుషుల్ని గుర్తుపట్టడం లేదు. నాకు వినపడింది "తాగలేదు" అన్న ఒక్క మాటే. అది మంచి కబురనుకున్నాను. తాగి చేసే గొడవ కాదంటే ఇక మిగిలింది పూనకమో పిచ్చో అనుకున్నాను. నా బుర్రలో ఉన్న పెట్టెలు మూడే: తాగుడు, పూనకం, పిచ్చి. 'జబ్బు' అన్న నాలుగో పెట్టె ఉండి ఉంటే ఆ క్షణమే 108కి ఫోన్ చేసేవాణ్ని. నలభై నిమిషాలు ఆలస్యంగా చేశాను.

మొదట తీసుకున్న నిర్ణయం మాత్రం ఇప్పటికీ సరైనదేనంటాను. దగ్గరికి వెళ్లలేదు. కత్తి ఉన్న మనిషికీ మాకూ మధ్య ఏడెనిమిది గజాలు ఉంచాం. ఆయన ఎవరినీ వెంటాడటం లేదు, దగ్గరికి వచ్చినవాళ్లనే అదిలిస్తున్నాడు. అంటే తొందర మాదే, ఆయనది కాదు. లాఠీలు వెనక్కి పెట్టమన్నాను. మంచం కుర్రాళ్లను పంపించేశాను. అందరూ ఒకేసారి అరుస్తుంటే ఆయనకి ఏ గొంతూ అందదని, మాట్లాడేది నేనొక్కణ్నే అన్నాను.

"స్వామీ" అని పిలిచాను. తల తిప్పాడు. అసలు పేరుతో పిలిస్తే తిప్పలేదు. ఇంతలో గురుస్వామి వచ్చాడు. నాకన్నా తెలివిగా, ఏమీ అడక్కుండా, గట్టు మీదే నిలబడి నిదానంగా శరణుఘోష మొదలుపెట్టాడు. మూడోసారికి స్వామి పెదాలు కదిలాయి. ఐదోసారికి గొంతు కలిపాడు. ఆ తర్వాత చూసింది నాకు ఇప్పటికీ కళ్లకు కట్టినట్టుంది: ఎవరూ చెప్పకుండానే కత్తిని ఒక్క పోటుతో కొబ్బరి మానులోకి దించి, చేయి వదిలేశాడు. కత్తిని చెట్టుకి గుచ్చి చెయ్యి దులుపుకోవడం ఆ చేతికి ఉన్న పాతికేళ్ల అలవాటు. బుర్ర పనిచేయకపోయినా చెయ్యి పనిచేసింది.

హెడ్ కానిస్టేబుల్ మెల్లగా వెళ్లి కత్తికీ ఆయనకీ మధ్యన నిలబడ్డాడు. గురుస్వామి చెయ్యి చాచాడు. ఇంకో రెండు నిమిషాల్లో ఇంటి అరుగు మీద కూర్చోబెట్టేవాళ్లం.

చెడిన చోటు

గట్టు మీదున్న కుర్రాడెవడో వీడియో తీయడానికి ఫోన్ లైటు వేశాడు. తిన్నగా మొహం మీద పడింది. స్వామి కేక పెట్టి రేవులోకి పరుగు తీశాడు.

పట్టుకోవాలా వద్దా అన్నది అక్కడ ప్రశ్నే కాదు. రాత్రిపూట, నిండుగా పారుతున్న కాలువ, మతిలో లేని మనిషి. నీళ్లలో పడితే మాలో ఇద్దరు దూకాలి, అప్పుడు ముగ్గురి ప్రాణాలతో పని. కానిస్టేబుల్ రేవు మెట్ల మీద నడుం పట్టుకుని పడేశాడు. ఆ పనికి నేను తప్పు పట్టను. తప్పులన్నీ ఆ తర్వాతివి.

ఎవరు ఏ చెయ్యి, ఎవరు ఏ కాలు అని ముందు అనుకోలేదు. అందుకని అందరం అందినచోట పడ్డాం. ఒకరు మెడ దగ్గర, ఇద్దరు నడుం మీద, ఇంకొకరు ఒక కాలు. రెండో కాలు ఎవరిదీ కాదు. ఆ కాలే హోంగార్డు మోకాలికి తగిలింది. ఊరివాళ్లు ఇద్దరు కూడా సాయానికి దూకారు. బురద మెట్ల మీద ఆరేడుగురం ఒకరి మీద ఒకరం జారుతున్నాం. కానిస్టేబుల్ చెయ్యి నోటి ముందుకు వెళ్లింది, ముంజేతి మీద కరిచాడు, రక్తం వచ్చింది. మా ఇద్దరి దెబ్బలకూ కారణం స్వామి బలం కన్నా మా గందరగోళమే. క్లాసులో ఈ మాట చెబితే సీనియర్ కానిస్టేబుళ్లు మొహాలు చూసుకుంటారు, కానీ మోకాలు పట్టుకున్న హోంగార్డు మాత్రం మొదటే ఒప్పుకున్నాడు.

ఎవరో కొబ్బరి తాడు తెచ్చారు. చేతులు వెనక్కి కట్టాం. కాళ్లు కట్టాం. ఇంకా తన్నుతున్నాడు. ఊరివాడొకడు "నాలుగూ కలిపి లాగి కట్టెయ్యండి సార్, పందయినా కదల్దు" అన్నాడు. సరే అన్నాను. ఆ 'సరే' నాది. ఎందుకన్నానంటే హోంగార్డు కుంటుతున్నాడు, కానిస్టేబుల్ చేతినుంచి రక్తం కారుతోంది, ఇంకొకరికి దెబ్బ తగలకూడదన్నది ఒక్కటే నా బుర్రలో తిరుగుతోంది. మా వాళ్ల భద్రతకీ ఆయన భద్రతకీ ఒకదానికొకటి పోటీ అన్నట్టు ఆలోచించాను. ఆ ముడి వేశాక మా భద్రత ఏమీ పెరగలేదు. కాళ్లు విడిగా కట్టి ఉన్నా అంతే సురక్షితంగా ఉండేవాళ్లం.

అప్పుడు 108కి ఫోన్ చేశాం. అంబులెన్స్ గట్టు మీదికి రాలేదు, మూడు కిలోమీటర్ల అవతల మెయిన్ రోడ్డు మీద ఆగుతుంది. కాయలు తోలే ట్రాలీ ఆటోలో గోనెసంచులు పరిచి ఎక్కించాం. ఉమ్ముతున్నాడు, కరుస్తాడేమోనని భయం, అందుకని బోర్లా పడుకోబెట్టాం. హెడ్ కానిస్టేబుల్ పక్కన కూర్చుని, దొర్లిపోకుండా భుజం మీద కాలు ఆనించాడు.

ట్రాలీ ఆటోలో

మొదటి కిలోమీటరంతా అరుపులే. తర్వాత మూలుగు. తర్వాత ఏమీ లేదు.

"శాంతించాడండి, పడుకున్నాడు" అన్నాడు హెడ్. డ్రైవర్ పక్కన కూర్చున్న నాకు నిజంగా ప్రాణం లేచివచ్చినట్టయింది. ఒక్క నిమిషమే. నిద్రపోయేవాడి గురక నాకు తెలుసు, వెనకనుంచి వస్తున్నది అది కాదు. నీళ్లలో గొట్టం పెట్టి ఊదినట్టు గుర్రుమని ఒకసారి వచ్చి, చాలాసేపు ఆగి, మళ్లీ ఒకసారి వస్తోంది. ఆటో ఆపించి ఫోన్ లైటు వేశాను. పెదాలు నేరేడు పండు రంగులో ఉన్నాయి. పిలిస్తే పలకలేదు. భుజం గట్టిగా నొక్కితే కదలలేదు.

కొబ్బరి తాడు ముడి తడిస్తే వేళ్లతో విప్పలేం. స్వాధీనం చేసుకుని నా కాళ్ల దగ్గర పెట్టుకున్న ఆయన దింపు కత్తితోనే చేతులకీ కాళ్లకీ కలిపిన ముడి కోశాను. పక్కకి ఒత్తిగిలి పడుకునేలా తిప్పాం. నోట్లోని నురగ వేలికి గుడ్డ చుట్టి తీశాం. గడ్డం కొంచెం పైకెత్తి పట్టుకున్నాను. నాలుగైదు సెకన్లు ఏమీ జరగలేదు. ఆపైన, కాలువలో మునిగి పైకి తేలినవాడిలా ఒక పెద్ద ఊపిరి తీశాడు. ఇంకొకటి. అంబులెన్స్ దాకా మిగిలిన దారంతా నేను వెనకే కూర్చుని ఊపిరులు లెక్కపెట్టాను. మళ్లీ గింజుకున్నాడు. ఆ గింజుకోవడం చూసి అంత సంతోషం వేస్తుందని ఎప్పుడూ అనుకోలేదు.

ఏం జరిగిందో తర్వాత చదువుకుని తెలుసుకున్నాను. గట్టిగా పెనుగులాడినప్పుడు కండరాల్లో పుట్టే ఆమ్లం రక్తంలో చేరుతుంది. దాన్ని అప్పటికప్పుడు తట్టుకోవడానికి ఒంటికి ఉన్న దారి ఊపిరే, వేగంగా, లోతుగా. బోర్లా పడుకోబెట్టి, చేతులు వెనక్కి లాగి, వీపు మీద బరువు పెడితే ఛాతీ విచ్చుకోదు, పొట్ట కిందికి జారడానికి చోటుండదు. మనిషి ఊపిరి కోసం గింజుకుంటాడు. అది మనకి తిరగబడుతున్నట్టు కనిపిస్తుంది, ఇంకా అదుముతాం. చివరికి కదలిక ఆగుతుంది. అది మనకి లొంగిపోయినట్టు కనిపిస్తుంది. రెండుసార్లూ మన కన్ను మోసపోతుంది. "అరవగలుగుతున్నాడుగా, అంటే ఊపిరి ఆడుతున్నట్టేగా" అన్న మాట కూడా నమ్మదగ్గది కాదు. మాట రావడానికి కావలసిన గాలి తక్కువ, బతకడానికి కావలసింది ఎక్కువ.

ఇది కొత్త విషయమేమీ కాదు. అమెరికా న్యాయశాఖ పరిశోధన విభాగం 1995లోనే పోలీసులకు ఒక బులెటిన్ ఇచ్చింది: బేడీలు వేయగానే మనిషిని పొట్ట మీదినుంచి లేపండి, చేతి కట్టునీ కాలి కట్టునీ కలిపి ముడి వేయకండి అని. అక్కడి పోలీసులకే అది పూర్తిగా తలకెక్కలేదని 2020 మే 25న మినియాపొలిస్‌లో జార్జ్ ఫ్లాయిడ్ చనిపోయినప్పుడు ప్రపంచమంతా చూసింది. ఇలాంటి చావులకు 'ఎక్సైటెడ్ డెలిరియం' అనే పేరు పెట్టి, మనిషిలోనే ఏదో లోపం ఉందన్నట్టు చెప్పే అలవాటు చాలాకాలం ఉండేది. దానికి ఆధారంగా చూపే 2009 నాటి పత్రాన్ని అమెరికాలోని అత్యవసర వైద్యుల సంఘమే 2023లో ఉపసంహరించుకుంది.

ఆసుపత్రిలో

డ్యూటీ డాక్టరు అడిగిన మొదటి ప్రశ్న: "ఆఖరిసారి ఎప్పుడు తాగాడు?" నేను భార్య వైపు చూశాను. ఆవిడ చెప్పింది. డాక్టరు అంది, "తాగి ఇలా అవలేదండీ. మానేసి ఇలా అయ్యాడు."

ఏళ్ల తరబడి రోజూ తాగే మనిషి ఒక్కసారిగా ఆపేస్తే మొదటి రోజే వణుకు మొదలవుతుంది. రెండు రోజుల్లోపు ఫిట్స్ రావచ్చు. కొందరిలో రెండో రోజుకీ నాలుగో రోజుకీ మధ్య మతి తప్పుతుంది. లేని పురుగులు, పాములు కనిపిస్తాయి, చెమటలు, జ్వరం, గుండెదడ. దీన్ని డెలిరియం ట్రెమెన్స్ అంటారు. వైద్యం అందకపోతే ప్రాణానికి ప్రమాదం, అందితే చాలామంది వారంలోపే తేరుకుంటారు. వణుకునీ ఫిట్స్‌నీ అణిచే లోరజెపామ్ ఇంజెక్షన్లు ఇచ్చారు, గ్లూకోజ్ పెట్టేముందు థయమిన్ అనే విటమిన్ ఇచ్చారు.

అక్కడ కూడా ఆయన చేతులు కట్టారు. ఇది నేను ముఖ్యంగా చెప్పాలి. వెడల్పాటి మెత్తని గుడ్డతో, వెల్లకిలా, తల వైపు మంచం ఎత్తి, చేతులు మంచం పట్టీలకు విడివిడిగా. రెండు వేళ్లు దూరేంత వదులు. పావుగంటకోసారి నర్సు వచ్చి గోళ్ల రంగు, నాడి చూసి కాగితం మీద రాసుకుంది. మందు పని చేయగానే విప్పేశారు. కట్టడం మాకూ వాళ్లకూ ఒకటే. వాళ్లకి అది మందు పనిచేసేదాకా చేసే కాపలా, మాకేమో పని పూర్తయిందనడానికి గుర్తు.

ఐదో రోజు మతి వచ్చాక చూడ్డానికి వెళ్లాను. లైటు పడగానే కాలువ వైపు ఎందుకు పరుగెత్తాడో అడిగాను. కొంత గుర్తుంది, కొంత లేదు. "గట్టు నిండా పాములండీ. మీ వాళ్ల చేతుల్లో కూడా ఉన్నాయి. లైటు పడగానే అన్నీ పడగెత్తాయి. నీళ్లలోకి పోదామనుకున్నా. ఈలోగా కాళ్లకి చుట్టుకున్నాయి, చేతులకి చుట్టుకున్నాయి. వీపు మీదికి కొండచిలువ ఎక్కింది."

తాడును చూసి పామనుకోవడం మనకి వేదాంతంలో పాత ఉదాహరణే. ఆ ఉదాహరణని నిజంగానే ఒకడి ఒంటికి చుట్టి, వాడెందుకు గింజుకుంటున్నాడని కోప్పడ్డాం మేం.

కాగితం

ఆసుపత్రి నుంచి వచ్చాక కానిస్టేబుళ్లు సహజంగానే కేసు కట్టమన్నారు. డ్యూటీలో ఉన్న పోలీసుని కరిచాడు, కత్తి చూపించాడు. వాళ్ల బాధలో న్యాయముంది, కరిచినచోట సబ్బుతో కడిగి, టీటీ వేయించి, హెపటైటిస్ పరీక్ష చేయించుకుని, ఫలితం వచ్చేదాకా ఇంట్లో పిల్లాణ్ని ఎత్తుకోవడానికి కూడా భయపడ్డాడు ఆ కుర్రాడు. అయినా కేసు కట్టలేదు. ఎదుట ఉన్నది పోలీసని తెలియని మనిషికి పోలీసు విధిని అడ్డుకునే ఉద్దేశం ఎక్కడినుంచి వస్తుంది? మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 2017 చదివితే ఇంకొకటి తెలిసింది. మద్యం వల్ల వచ్చే మానసిక స్థితులు కూడా ఆ చట్టంలోని నిర్వచనం కిందికే వస్తాయి. దాని 100వ సెక్షన్ ప్రకారం ఇలాంటి మనిషిని రక్షణలోకి తీసుకుని, ఎంత త్వరగా వీలయితే అంత త్వరగా, 24 గంటలు దాటకుండా దగ్గరి ప్రభుత్వ ఆసుపత్రికి చేర్చడం స్టేషన్ అధికారి బాధ్యత. లాకప్‌లో పెట్టకూడదు. 95వ సెక్షన్ ఏ రూపంలోనూ గొలుసులతో బంధించకూడదంటుంది. 97వ సెక్షన్ ప్రకారం ఆసుపత్రిలో సైతం, తక్షణ ప్రమాదం తప్పించడానికి వేరే దారి లేనప్పుడే, అవసరమైనంతసేపే కట్టాలి.

మామూలు అరెస్టులకు కూడా నేర విచారణ పద్ధతి చట్టాలు, అంటే పాత సీఆర్‌పీసీ 49, ఇప్పటి బీఎన్ఎస్ఎస్ 46 చెప్పేది అదే: పారిపోకుండా ఆపడానికి ఎంత అవసరమో అంతకు మించి నిర్బంధం ఉండకూడదు. బేడీలు అలవాటుగా వేయకూడదని 1980లోనే ప్రేమ్‌శంకర్ శుక్లా కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఇనుప బేడీకే అంత లెక్క ఉన్నప్పుడు ఊరివాడి తాడుకి ఏ లెక్కా లేకుండా ఎలా ఉంటుంది?

జనరల్ డైరీలో అంతా రాశాను. తాడు, ముడి, బోర్లా పడుకోబెట్టడం, ఆటో ఆపిన సమయం, పెదాల రంగు. "తాడు సంగతి ఎందుకయ్యా రాయడం, బాగానే ఉన్నాడుగా" అన్నారు పైవాళ్లొకరు. నా మేలు కోరే అన్నారు. రాయకపోతే మా స్టేషన్‌లో తర్వాతి నైట్‌డ్యూటీ వాడు మళ్లీ అదే ముడి వేస్తాడని నా భయం. మణికట్టు మీది గాయాలు వైద్య పత్రాల్లో ఎలాగూ ఉన్నాయి. మా డైరీలో లేకపోతే అప్పుడే అది దాచినట్టయ్యేది.

క్లాసులో ఏం మార్చాం

ఈ కేసు గురించి హోంగార్డుతో వారం తర్వాత మాట్లాడాను. అతను ఆటోలో కాళ్ల వైపు కూర్చున్నాడు. కాస్త ఆలోచించి, "నాకు ముందే అనుమానం వచ్చిందండి. పాదాలు చల్లబడ్డాయి. హెడ్డుగారుండగా నేనేం చెబుతానండి?" అన్నాడు.

నాకు ఈ మొత్తం వ్యవహారంలో గట్టిగా తగిలింది ఆ మాటే. ఊపిరి సంగతి పుస్తకంలో దొరుకుతుంది. ఇది దొరకదు. బ్రిటన్ పోలీసు శిక్షణలో మనిషిని అదుపు చేసేటప్పుడు ఒకరిని భద్రతాధికారిగా పెడతారు. అతని పని తల దగ్గర ఉండి మొహం, ఊపిరి చూడటం. వింటే సులువుగా ఉంది. మన దగ్గర దాన్ని పెట్టాలంటే ర్యాంకు అడ్డమొస్తుంది. అందుకని మా క్లాసులో 'తల దగ్గరి మనిషి' అని ఒక పాత్ర పెట్టాం. అది కావాలనే అందరికన్నా జూనియర్‌కి ఇస్తాం. అతను "వదులు" అంటే ఎస్సై అయినా చెయ్యి తీయాలి, ఎందుకని అడగకూడదు. మొదట్లో జూనియర్ల గొంతు పెగిలేది కాదు. "వదలండి సార్, దయచేసి" అనేవాళ్లు. ఆ 'సార్'నీ 'దయచేసి'నీ తీయించడానికి నాకు రెండు బ్యాచ్‌లు పట్టింది.

మిగిలినవి పనిముట్టు సంగతులు. ఒక్కో చేతికి, ఒక్కో కాలికి ఒక్కో మనిషి, పట్టు మోచేతికి, మోకాలికి పైన. ఎస్సై ఏదీ పట్టుకోడు, చూస్తాడు, మాట్లాడతాడు. వీపు మీద, మెడ మీద ఎవరూ ఎక్కరు. చేతులు అదుపులోకి రాగానే పక్కకి తిప్పడం, వీలైతే కూర్చోబెట్టడం. ఇది అర్థం కావడానికి గ్రౌండ్ చుట్టూ పరుగెత్తించి, ఆయాసంతో ఉండగానే చేతులు వెనక్కి పెట్టుకుని అర నిమిషం బోర్లా పడుకోమంటాను. వీపు మీద ఎవరూ ఉండరు, కట్టు ఉండదు, ఎప్పుడైనా లేవచ్చు. అయినా పదిహేను సెకన్లకే సగంమంది తల పైకెత్తుతారు. ఆ తర్వాత నేను ఉపన్యాసం చెప్పాల్సిన పని ఉండదు.

తాడుకి బదులు నవారు మంచాల నవారుతో మూడంగుళాల పట్టీలు కుట్టించాం. మొదటి జత వెల్‌క్రోతో కుట్టించాం, క్లాసులో బ్రహ్మాండంగా పనిచేసింది. కాలువ గట్టు మీద ట్రయల్ వేస్తే బురద పట్టి వెల్‌క్రో అంటుకోలేదు. డెల్టాలో పనిచేసే వస్తువుని గదిలో పరీక్షించడం ఎంత తెలివితక్కువో అప్పుడు తెలిసింది. ఇప్పుడు వాటికి ఒక్క లాగుతో ఊడివచ్చే బకిల్ ఉంది. మోకాళ్ల పైన ఒకటి, చీలమండల దగ్గర ఒకటి, చేతులకు కలపడానికి కొక్కెమే లేదు. కావాలనే పెట్టలేదు, ఉంటే ఎవడో ఒకడు తగిలిస్తాడు.

ఫోన్ లైట్ల సమస్య ఇప్పటికీ తేలలేదు. ఒకరిని కేవలం జనాన్ని చూసుకోవడానికే పెట్టాలంటాను, రాత్రిపూట నలుగురున్న స్టేషన్‌లో ఆ ఐదో మనిషి ఎక్కడినుంచి వస్తాడని అడుగుతారు. నా దగ్గర జవాబు లేదు.

అన్నిటికన్నా పనికొచ్చింది మాత్రం పోలీసు పనే కాదు. కార్తీకానికి ముందు గురుస్వాములతో, సచివాలయం మహిళా పోలీసుతో, ఏఎన్‌ఎంతో కూర్చుని ఒకటే చెప్పాం: రోజూ తాగేవాడు మాల అడిగితే ముందు ఆసుపత్రికి పంపండి, మాత్రలతో ఆపి, ఆపైన వేయండి. డాక్టరు దూరమైతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416కి ఫోన్ చేయించండి. గురుస్వామి ఇప్పుడు మాల చేతిలోకి తీసుకోకముందే అడుగుతున్నాడట, "పొద్దున్న కూడా పడాలా నీకు, సాయంత్రమేనా?"

స్వామి మరుసటి ఏడు మళ్లీ మాల వేసుకున్నాడు, ఈసారి మాత్రలతో. కుడి బొటనవేలి వెనక భాగం నాలుగు నెలలు తిమ్మిరిగా ఉండి తగ్గిందన్నాడు. తాడు ఒరిసినచోట నరం నలిగింది, అందువల్ల ఆ సీజనంతా చెట్టెక్కలేదు. శబరిమల నుంచి తిరిగొచ్చి స్టేషన్‌కి అరవణ డబ్బా తెచ్చాడు. అందరికీ పంచి, ఆ కానిస్టేబుల్ దగ్గరికి వచ్చేసరికి తలొంచుకుని నిలబడిపోయాడు.

కానిస్టేబుల్ చొక్కా చెయ్యి పైకి మడిచి, ముంజేతి మీది పళ్ల మచ్చ చూపించాడు. "మీ ప్రసాదం నాకు పోయినేడే ముట్టింది స్వామీ. ఆయ్, అయినా ఇదీ ఇయ్యండి" అన్నాడు.